రోజెల్‌లోని ఆ ఇల్లు: పరదేశంలో విద్యార్థి తొలి రోజులు

1883 జూన్ నెలలో న్యూయార్క్ రేవులో ఓడ దిగిన పద్ధెనిమిదేళ్ళ మరాఠీ యువతి కోసం ఒక అమెరికన్ గృహిణి ఎదురుచూసింది. ఇద్దరూ అంతకు ముందు ఒకరినొకరు చూసుకున్నవారు కాదు. అయినా కొత్తవారూ కాదు. అప్పటికి మూడేళ్ళుగా వారి మధ్య ఉత్తరాలు నడుస్తున్నాయి. ఆ ఉత్తరాలలోనే ఒకరు పిన్ని, మరొకరు కూతురు వరస అయ్యారు. వచ్చిన అమ్మాయి ఆనందీబాయి జోషి. ఎదురువచ్చిన ఆవిడ న్యూజెర్సీలోని రోజెల్ అనే ఊరి నివాసి థియోడీషియా కార్పెంటర్.

అమెరికాలో వైద్యపట్టా పొందిన తొలి భారతీయ మహిళగా ఆనందీబాయి చరిత్రకెక్కింది. ఆమె పట్టుదల గురించి, అకాల మరణం గురించి చాలామంది రాశారు. కళాశాల తెరవకముందు రోజెల్‌లో ఆమె గడిపిన వేసవిని గురించి చెప్పుకునేది తక్కువ. పరదేశంలో విద్యార్థికి తొలి రోజులు ఎంత బరువైనవో, ఆ బరువును ఒక ఇల్లు ఎంతవరకు మోయగలదో, ఎక్కడ మోయలేదో గ్రహించడానికి ఆ వేసవి, దాని తరువాతి శీతకాలాలు మంచి ఆధారం.

ఉత్తరాలతో మొదలైన చుట్టరికం

ఆనందీబాయి పుట్టింటి పేరు యమున. తొమ్మిదో ఏట ఆమెకు తపాలాశాఖ ఉద్యోగి గోపాలరావు జోషితో పెళ్ళయింది. ఆయన ఆమెకంటే సుమారు ఇరవై ఏళ్ళు పెద్ద. పద్నాలుగో ఏట కొడుకు పుట్టి పది రోజులకే పోయాడు. స్త్రీలకు వైద్యం అందని ఆ పరిస్థితే తనను వైద్యవిద్య వైపు నడిపించిందని ఆమె భావించింది. భార్యను అమెరికాలో చదివించాలన్న కోరికతో గోపాలరావు 1878లో ఒక అమెరికన్ మిషనరీకి ఉత్తరం రాశాడు. మతం మారితే సహాయం చేస్తామన్న ధోరణిలో జవాబు వచ్చింది. దంపతులు అందుకు ఒప్పుకోలేదు. ఆ ఉత్తరప్రత్యుత్తరాలు ఒక మిషనరీ పత్రికలో అచ్చయ్యాయి. దంతవైద్యుని దగ్గర తన వంతు కోసం కూర్చున్న శ్రీమతి కార్పెంటర్ ఆ పత్రికను చూసింది. ఇంటికి వెళ్ళి ఆ అమ్మాయికి ఉత్తరం రాసింది.

1880లో మొదలైన ఈ ఉత్తరాలు తరువాతి కథకు పునాది. ఆనందీబాయికి తలనొప్పి, జ్వరం, నీరసం, ఆయాసం తరచు వస్తూ ఉంటాయని కార్పెంటర్‌కు ముందే తెలుసు. కలకత్తాకు ఆమె అమెరికా నుంచి మందులు కూడా పంపింది. అవి పని చేయలేదు. అమ్మాయి శాకాహారి అనీ, మతం మారదనీ కూడా తెలుసు. 1883 ఫిబ్రవరిలో శ్రీరాంపూర్ కళాశాలలో జరిగిన సభలో, హిందువుగానే వెళ్ళి హిందువుగానే తిరిగివస్తానని ఆనందీబాయి బహిరంగంగా ప్రకటించింది. మిషనరీ షరతుకు తలవంచని అమ్మాయికి, ఏ షరతూ లేకుండా తలుపు తీసిన ఇల్లు దొరికింది.

తొలి రోజుల కష్టంలో సగం తెలియనితనం వల్ల వచ్చేదే. ఏమి తింటుంది, ఏమి తినదు, ఏమి కట్టుకుంటుంది, దేవుణ్ణి ఎలా కొలుస్తుంది, ఒంట్లో ఎలా ఉంటుంది అన్న అయిదు ప్రశ్నలకు ఓడ రేవు చేరకముందే జవాబు దొరికింది. నేటి విద్యార్థి విమానం ఎక్కేముందు వీసా పత్రాలు, బ్యాంకు పత్రాలు, టీకాల పత్రాలు పదేసిసార్లు సరిచూసుకుంటాడు. దిగబోయే ఇంటివారితో ఈ అయిదు సంగతులు మాట్లాడుకోవడం మాత్రం తరచు మరచిపోతాడు.

శరీరంలోని గడియారం

ఆనందీబాయి 1883 ఏప్రిల్ 7న కలకత్తాలో ఓడ ఎక్కింది. ప్రయాణం దాదాపు రెండు నెలలు సాగింది. సముద్రపు వికారం, ఉప్పుగాలి, ఒంటరితనం ఆమెకు తప్పలేదు. ఒక బాధ మాత్రం ఆమెకు లేదు. కలకత్తాకు, న్యూయార్క్‌కు సూర్యోదయంలో ఉన్న తేడా పదకొండు గంటలకు దగ్గరగా ఉంటుంది. అది రెండు నెలల మీద పంచితే సగటున రోజుకు పది పన్నెండు నిమిషాలు. అంత చిన్న మార్పును శరీరం గుర్తించకుండానే సర్దుకుంటుంది. ఓడ నెమ్మదిగా నడవడమే ఒక చికిత్స.

నేడు హైదరాబాదులో విమానం ఎక్కిన విద్యార్థి ఒక్క రోజులో ఆ దూరమంతా దాటుతున్నాడు. మెదడులో, కంటినాడులు ఒకదానినొకటి దాటే చోటికి కాస్త పైన, సుమారు ఇరవై వేల నాడీకణాల గుంపు ఒకటి ఉంది. నిద్ర, మెలకువ, శరీరపు వేడి, హార్మోన్ల రాకపోకలు దాని లెక్క ప్రకారం నడుస్తాయి. కంటిలో పడే వెలుగును బట్టి ఆ గడియారం సర్దుకుంటుంది కాని, రోజుకు సుమారు గంట, గంటన్నర మించి కదలదు. వేసవిలో న్యూయార్క్‌కు, భారతదేశానికి తొమ్మిదిన్నర గంటల తేడా. కనుక విద్యార్థి శరీరం కొత్త ఊరికి పూర్తిగా చేరడానికి వారం రోజులైనా పడుతుంది.

ఆతిథ్యమిచ్చే ఇంట్లో ఈ లెక్క ఎలా బయటపడుతుందో చూడాలి. అమెరికన్ కుటుంబాలలో రాత్రి భోజనం చాలామటుకు సాయంత్రం ఆరు గంటలకే. అప్పుడు హైదరాబాదులో తెల్లవారుజామున మూడున్నర. ఆ వేళ ఎవరికీ ఆకలి వేయదు. జీర్ణకోశానికీ, కాలేయానికీ వాటి గడియారాలు ఉన్నాయి. కుర్రవాడు రెండు ముద్దలు కెలికి లేచిపోతాడు. ఇంటావిడ తన వంట నచ్చలేదేమోనని నొచ్చుకుంటుంది. అర్ధరాత్రి దాటాక, హైదరాబాదులో పట్టపగలైన వేళ, అతనికి ఆకలి దంచేస్తుంది. పరాయివారి వంటింట్లో దీపం వేసి ఫ్రిజ్ తలుపు తీసే ధైర్యం మాత్రం రాదు. నిద్ర రాక, తిండి లేక, తెల్లవారేసరికి తల తిరుగుతూ ఉంటుంది. ఇరువైపులా ఎవరి తప్పూ లేదు. ఒకరి శరీరం ఇంకా ప్రయాణంలోనే ఉందని ఇంకొకరికి తెలియకపోవడమే లోపం. పగటివేళ ఆరుబయట వెలుగులో తిరగడం, కొత్త ఊరి వేళలకే కొద్దిగానైనా తినడం, మధ్యాహ్నపు కునుకును అరగంటతో ఆపడం అన్న మూడింటికీ మించిన మందు పెద్దగా లేదు.

రెండు రొట్టె ముక్కలు

ఆనందీబాయి వచ్చిన అయిదేళ్ళకు, 1888లో, పంతొమ్మిదేళ్ళు నిండవస్తున్న ఒక గుజరాతీ యువకుడు న్యాయవిద్య కోసం లండన్ చేరాడు. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి వచ్చినవాడు. వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట అతనికి బస, భోజనం కుదిరాయి. ఆమె శాకాహారమే వండిపెట్టింది. ఆమె కూతుళ్ళు మరో రొట్టె ముక్క వేసుకోమని అడిగేవారు. మొత్తం రొట్టె తింటే తప్ప తీరని ఆకలి అతనిది. ఇంకా కావాలని అడగడానికి నోరు రాలేదు. రాత్రులు ఇల్లు తలచుకొని ఏడ్చేవాడు. ఫారింగ్‌డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాల కంటపడిన రోజున, ఇంగ్లండు వచ్చాక మొదటిసారి కడుపునిండా తిన్నాడు. ఈ సంగతులన్నీ తరువాతి కాలంలో గాంధీ తన ఆత్మకథలో దాచకుండా చెప్పుకున్నాడు.

ఆ ఇంటివారు చెడ్డవారు కారు, అడిగి పెట్టారు. ఆకలితో ఉన్న అతిథికీ, పెట్టడానికి సిద్ధంగా ఉన్న ఇంటికీ మధ్య అడ్డు నిలిచినది మొహమాటం. తెలుగు ఇళ్ళలో మొదటిసారి వద్దనడం మర్యాద. వద్దన్నా వడ్డించడం అంతకు మించిన మర్యాద. మూడోసారి బలవంతం చేశాక తీసుకున్నవాడే పద్ధతి తెలిసినవాడు. కొసరి కొసరి వడ్డించడమన్న మాటలోనే ఈ ఆట అంతా ఉంది. అమెరికన్ ఇంట్లో వద్దంటే వద్దనే అర్థం. అడిగినదానికి ఇచ్చిన జవాబును గౌరవించడమే అక్కడి మర్యాద. పళ్ళెం తీసుకుపోతారు. రెండు మర్యాదలూ మంచివే. రెండూ ఒకే బల్ల దగ్గర కలుసుకున్నప్పుడు అతిథి పస్తుంటాడు.

వంటింటితో ఆగదు. గది తలుపు వేసుకోవడం ఒకచోట కోపానికి గుర్తు, మరొకచోట సహజం. మౌనం ఒకచోట వినయం, మరొకచోట ముభావం. చేసిన ప్రతి చిన్న పనికీ థాంక్స్ చెప్పడం ఒకచోట కనీస ధర్మం, మరొకచోట ఇంటివారిని పరాయివారిగా చూడడం. విద్యార్థి తన ఇంట్లో నేర్చుకున్న మంచితనంతోనే కొత్త ఇంట్లో తప్పులు చేస్తాడు. అందుకే ఆ తప్పులు అతనికి కనబడవు; అతణ్ణి తప్పు పట్టడమూ న్యాయం కాదు.

ఇంటిబెంగకు పేరు పెట్టినవారు

ఇల్లు విడిచినవారి బెంగను వైద్యం చాలాకాలం క్రితమే గమనించింది. 1688లో స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ హోఫర్ తన వైద్యపరిశోధన వ్యాసానికి దీనినే విషయంగా తీసుకున్నాడు. తిరిగిరావడం, నొప్పి అన్న అర్థాలున్న రెండు గ్రీకు పదాలను కలిపి నోస్టాల్జియా అన్న మాటను కూర్చాడు. ఆయన చెప్పిన రోగులలో ఒకడు బెర్న్ నుంచి బాసెల్ వచ్చి చదువుకుంటున్న యువకుడు. జ్వరంతో మంచం పట్టి, బతకడనుకున్నవాడు, ఇంటికి పంపుతున్నారని తెలిసి కోలుకున్నాడు. బెర్న్, బాసెల్ నగరాల మధ్య దూరం నేటి రైలులో గంట. బెంగకు దూరంతో కన్నా పరాయితనంతోనే సంబంధం ఎక్కువ అనడానికి ఇది తొలి ఆధారాలలో ఒకటి.

ఇరవయ్యో శతాబ్దంలో ఇదే అనుభవానికి కల్చర్ షాక్ అన్న పేరు స్థిరపడింది. దానిని ప్రచారంలోకి తెచ్చిన మానవశాస్త్రజ్ఞుడు కాలెర్వో ఓబెర్గ్. కొత్త దేశం చేరినవారు ముందు మురిసిపోతారనీ, పిదప కుంగిపోతారనీ, ఆ తరువాత తేరుకొని సర్దుకుంటారనీ ఆయన చెప్పాడు. 1955లో లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు అమెరికాలో చదివి వచ్చిన రెండువందల మంది నార్వే ఫుల్‌బ్రైట్ గ్రహీతలను పరిశీలించి, మధ్యలో దిగి మళ్ళీ లేచే ఇటువంటి వంపునే చూపాడు. తరువాతి పరిశోధనలు ఈ చిత్రాన్ని కొంత మార్చాయి. విద్యార్థులను దిగిన నాటి నుంచే గమనిస్తూ పోయినప్పుడు, చాలామందిలో మొదటి మురిపెం కనబడలేదు. కుంగుబాటు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది తొలి రోజులలోనే. కొత్త ప్రదేశాల ఫోటోలు ఇంటికి పంపే వారమే లోపల అన్నిటికన్నా బరువైన వారం కావచ్చు.

దీనికొక కారణం భాష. ఆంగ్లంలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి సైతం, భోజనాల బల్ల దగ్గర నలుగురు ఒకేసారి మాట్లాడుతూ నవ్వుతుంటే మాట అందుకోలేడు. చదివే భాష వేరు, చెవికి తగిలే భాష వేరు. ప్రతి వాక్యాన్నీ పట్టుకొని, అర్థం చేసుకొని, జవాబు కూర్చుకునేసరికి సంభాషణ ముందుకు వెళ్ళిపోతుంది. సాయంత్రానికి తల బరువెక్కుతుంది. తెలుగులో చలాకీగా మాట్లాడే పిల్ల ఆ ఇంట్లో మూగదైపోతుంది. తన చమత్కారం, తన చదువు, తన స్వభావం అన్నీ సరిహద్దు దగ్గర ఆగిపోయినట్టు ఉంటుంది. పిల్లవాడు మనిషిగా చిన్నబోయే చోటు ఇది. భాషాశ్రమ వల్ల వచ్చిన మౌనాన్ని మందకొడితనంగా పొరబడని ఇల్లు అతనికి గొప్ప మేలు చేసినట్టే.

స్టీఫెన్ బోక్నర్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1970లలో, పరదేశపు విద్యార్థికి మూడు స్నేహవలయాలు ఉంటాయని సూచించాడు. స్వదేశీయులతో ఉన్న వలయం భాషను, రుచిని, ఓదార్పును ఇస్తుంది. ఆ దేశస్థులతో ఉన్న వలయం దారి చూపిస్తుంది. ఇతర దేశాల నుంచి వచ్చిన తోటి విద్యార్థుల వలయం సరదాను, సమదుఃఖాన్ని పంచుతుంది. 1885లో తీసిన ఒక ప్రసిద్ధ ఛాయాచిత్రంలో చీర కట్టిన ఆనందీబాయి పక్కన జపాన్‌కు చెందిన కెయ్ ఒకామి, సిరియాకు చెందిన సబాత్ ఇస్లాంబూలీ తమ తమ దేశాల దుస్తులలో ఉన్నారు. ముగ్గురూ పెన్సిల్వేనియా మహిళా వైద్యకళాశాల విద్యార్థినులు. మూడో వలయానికి అంతకన్నా చక్కని బొమ్మ లేదు. ఆనందీబాయికి రెండో వలయం కార్పెంటర్ కుటుంబం. మొదటి వలయం మాత్రం ఆమెకు దాదాపు శూన్యం. మరాఠీలో మాట్లాడేవారు ఎవరూ లేని నేల మీద ఆమె ఏళ్ళు గడిపింది.

రోజెల్ దాటాక

ఆ ఏటి శరత్కాలంలో కళాశాల తెరిచారు. ఆనందీబాయి ఫిలడెల్ఫియా చేరింది. కళాశాల డీన్ రేచెల్ బోడ్లీ ఆమెను ఆదరించింది. చదువులో లోటు రాలేదు. 1886 మార్చి 11న ఆమె పట్టా అందుకుంది. ఆర్య హిందువులలో ప్రసూతి వైద్యం ఆమె సిద్ధాంత వ్యాసానికి విషయం. పట్టా ప్రదానానికి పండిత రమాబాయి ఇంగ్లండు నుంచి వచ్చింది.

ఆరోగ్యం మాత్రం క్రమంగా క్షీణించింది. చలి, అలవాటులేని ఆహారం ఆమెను కుంగదీశాయని చరిత్రకారులు రాశారు. చివరకు క్షయ అని తేలింది. రాబర్ట్ కాక్ క్షయక్రిమిని కనుగొన్నది 1882లో, ఆమె ఓడ ఎక్కడానికి ఏడాది ముందు. ఆ క్రిమిని చంపే స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1943లో. ఆ మధ్యకాలంలో క్షయ సోకినవారికి పోషణ, విశ్రాంతి, గాలి, వెలుతురు తప్ప వేరే మందు లేదు. పోషణ తగ్గినప్పుడు, శరీరంలో అణగి ఉన్న క్షయ తల ఎత్తుతుందని నేటి వైద్యం స్పష్టంగా చెబుతుంది. ఇల్లు దొరికి ఉంటే ఆమె బతికేదని అనడం శాస్త్రం కాదు. కలకత్తాలోనే ఆమె ఆరోగ్యం సరిగా లేదు. ఏ ఇంటి ప్రేమా క్రిమిని చంపలేదు. అయినా, తిన్నావా అని అడిగేవారు, దగ్గు విని పక్కగదిలోంచి లేచి వచ్చేవారు ఉండడం రోగాన్ని ముందుగా కనిపెట్టే ఏర్పాటు. ఒంటరి విద్యార్థి రోగం ముదిరాకే డాక్టరు దగ్గరకు వస్తాడన్నది నేటికీ వైద్యులు చూస్తున్న సత్యం.

1886 చివరలో ఆనందీబాయి స్వదేశం చేరింది. కొల్హాపూర్‌లోని ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో స్త్రీల విభాగం బాధ్యత ఆమె కోసం సిద్ధంగా ఉంది. 1887 ఫిబ్రవరి 26న, ఇరవై రెండు నిండకుండానే, పుణేలో ఆమె కన్నుమూసింది.

ఆమె ఫిలడెల్ఫియా చేరిన 1883లోనే, అదే కళాశాలలో 1879లో పట్టా పొందిన మరో వైద్యురాలు ఎదురుదిశలో ప్రయాణించింది. ఆమె డాక్టర్ అన్నా సారా కుగ్లర్. లూథరన్ మిషన్ తరఫున గుంటూరు చేరి, తెలుగు నేర్చుకొని, స్త్రీలకు వైద్యం చేసింది. 1898లో ఆమె ఆసుపత్రి ప్రారంభమైంది. 1930లో మరణించేదాకా గుంటూరే ఆమె ఊరు. మగ డాక్టరు చేత చూపించుకోవడం కన్నా చావు మేలనుకునే స్త్రీల కోసమే ఆనందీబాయి వైద్యం చదివింది. ఆమె చేయలేకపోయిన పనిని, అదే కళాశాలలో నేర్చిన విద్యతో, కుగ్లర్ తెలుగునాట చేయగలిగింది. ఒకరు పరాయి నేల మీద నిలదొక్కుకోవడమన్నది ఆ ఒక్కరి సంగతి కాదు. వారి చేతి వైద్యం కోసం ఎదురుచూసే వేలమంది సంగతి కూడా.

తలుపుకు ఈవలి వైపు

విద్యార్థిని పరాయి కుటుంబంలో ఉంచడం ఇరవయ్యో శతాబ్దంలో ఒక పద్ధతిగా రూపుకట్టింది. 1932లో డోనాల్డ్ వాట్ ప్రారంభించిన అంతర్జాతీయ జీవన ప్రయోగం, ప్రపంచయుద్ధాలలో అంబులెన్సులు నడిపినవారి సంస్థ అయిన ఏ.ఎఫ్.ఎస్. 1947లో మొదలుపెట్టిన విద్యార్థి వినిమయం ఇందుకు దారి వేశాయి. పాఠశాల విద్యార్థులకు ఆతిథ్యమిచ్చే అమెరికన్ కుటుంబాలు చాలామటుకు డబ్బు తీసుకోవు. బ్రిటన్, కెనడా, ఐర్లండులలో డబ్బు చెల్లించి ఉండే హోమ్‌స్టేలు ఎక్కువ. డబ్బు ఇచ్చినచోట ఏమి ఇవ్వాలో కాగితం మీద ఉంటుంది. ఇవ్వనిచోట అంతా మనసు మీదే ఆధారపడుతుంది; కనుక ముందుగా మాట్లాడుకోవడం అక్కడ మరింత అవసరం.

తెలుగువారి విషయంలో ఇప్పుడొక కొత్త సంగతి ఉంది. ఆగస్టు నెలలో హైదరాబాదు, విజయవాడల నుంచి వచ్చి దిగే విద్యార్థులలో చాలామందిని విమానాశ్రయంలో కలుసుకునేది తెలుగువారే. అపార్ట్‌మెంటు దొరికేదాకా నాలుగు రోజులో, వారమో ఏ సీనియర్ల గదిలోనో, ఏ తెలుగు కుటుంబం ఇంటనో గడుస్తుంది. ఒకనాడు తలుపు అవతల నిలబడినవారు ఈనాడు తలుపు తీసేవారయ్యారు. అన్నం, పప్పు, ఆవకాయ సిద్ధంగా ఉన్నాయి కనుక సమస్య లేదనుకోవడం తొందరపాటు. గడియారం సర్దుకోవడానికి వారం పట్టడం, మొహమాటం, కుంగుబాటు తెలుగు ఇంట్లోనూ ఉంటాయి. మనవాళ్ళే కదా అన్న ధీమాతో వాటిని గమనించకపోవడం ఇక్కడ మరింత తేలిక. అమ్మతో వీడియోలో మాట్లాడుతున్నాడు కనుక బాగానే ఉన్నాడనుకోవడం కూడా పొరపాటే. తల్లికి కనబడేది నవ్వే ముఖం. ఆ తెర కట్టేశాక ఉన్న ముఖం ఇంటివారికే కనబడుతుంది.

ఆ వారంలో చేయవలసినవి పెద్ద పనులు కావు. వంటింట్లో ఏది ఎక్కడుందో చూపించి, రాత్రి ఎప్పుడైనా తీసుకోవచ్చని మొదటి రోజే నోరారా చెప్పాలి. వాడుతున్న మందులు, పాత జబ్బులు మెల్లగా అడగాలి. ఆరోగ్య బీమా ఏ రోజు నుంచి పని చేస్తుందో చూసుకోమనాలి. పొద్దున్నే పది నిమిషాలు బయట నడవడానికి తోడు తీసుకువెళ్ళాలి. ఏదో ఒక చిన్న పని, కూరలు తరగడమో గిన్నెలు సర్దడమో, అప్పగించాలి. పని చేసేవాడికి మొహమాటం తగ్గుతుంది. గది మారి వెళ్ళిపోయిన పది రోజులకు ఒకసారి ఫోన్ చేసి భోజనానికి పిలవాలి. ఆనందీబాయి కథ చెబుతున్నట్టు, మొదటి ఇల్లు విడిచిన తరువాతి శీతకాలమే గట్టి పరీక్ష.

ఆనందీబాయి అస్థికలను థియోడీషియా కార్పెంటర్‌కు పంపారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పోకీప్సీ శ్మశానవాటికలో, కార్పెంటర్ కుటుంబీకుల సమాధుల నడుమ, ఆమె వాటిని ఉంచింది. హిందువుగా వచ్చి హిందువుగా తిరిగివెళ్ళిన ఆ అమ్మాయికి సంబంధించిన రాయి ఒకటి నేటికీ అక్కడ ఉంది, ఆ ఇంటివారి మధ్యనే.